కుర్మయ్య బెంచీ మీద మరక

కుర్మయ్య పోయి మూడు నెలలైంది. కొడుకు ఆయన పేరు రాయించి, తెలకపల్లిలో ఇంటి ముందే సిమెంటు బెంచీ వేయించాడు. రోజూ ఎవరో దాని మీద పాన్ ఉమ్మిపోతున్నారు. ఉప్పూ నిమ్మచెక్కా పెట్టి రుద్దలేక ఆయన భార్య ఈదమ్మ విసిగిపోయింది.

ఆ రాత్రి కరెంటు లేదు. వెన్నెల్లో బెంచీనే చూస్తూ గడప మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. కుక్క కూడా మొరగలేదు. లేచి చూస్తే మళ్లీ మరక. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది.

ఈదమ్మ పాత రేకు డబ్బా తెచ్చి బెంచీ పక్కన దబ్బున పెట్టింది.

“బతికున్నన్ని దినాలు గోడల మీద ఉమ్మితివి. సచ్చినంక గూడ గిట్లనేనా? ఇగ కడుగుడు నాతోని కాదు. గీ డబ్బాల ఉమ్మవయ్యా!”

ముప్పై ఏళ్లు చెప్పిన మాటే. ఒక్కనాడూ వినలేదాయన.

లోపలికెళ్లి గడియ వేసుకుంది. వీధిలో ఏ చప్పుడూ లేదు. కాసేపటికి, బయట డబ్బా టంగుమంది.