లినేవో వాళ్ళ అవ్వ

“అవ్వ మంచానపడి లేవలేకుండా ఉందని రాశారు. ఈవిడేమో నీళ్ళ బకెట్టు నెత్తిన పెట్టుకుని గుట్టెక్కి వస్తోంది!” అన్నాడు ఫకీసి.

పక్కనున్న అల్ఫోన్సినా మందుల సంచీ భుజం మార్చుకుంది. హెచ్ఐవీ సోకిన అనాథ పిల్లలకు మందులు, వాళ్ళను సాకుతున్న ముసలివాళ్ళకు పిండి, దుప్పట్లు మోసుకుంటూ చర్చి సేవాసంస్థ తరఫున పద్నాలుగేళ్ళుగా ఆ కొండలన్నీ తిరుగుతోందామె. ఫకీసి రాజధాని మాసేరులోని ఆ సంస్థ పెద్దాఫీసు నుంచి వచ్చాడు. అతని చేతిలోని కాగితంలో రెండు గళ్ళున్నాయి. పిల్ల ఇక్కడే ఉండొచ్చు అన్నది ఒకటి, మాసేరు ఆశ్రమానికి పంపాలి అన్నది రెండోది. రెండో గడిలో టిక్కు పడిందంటే, కింద రోడ్డు మీద ఆగిన జీపులో తొమ్మిదేళ్ళ లినేవో ఇవాళే వెళ్ళిపోతుంది.

“దారికడ్డంగా ఎవరయ్యా?” అంటూ ముసలామె బకెట్టు దించింది.

“మాసేరు నుంచి వచ్చారు, ఫకీసి గారు. అయ్యా, ఈవిడే లినేవో వాళ్ళ అవ్వ మాతుమేలో.”

లోపల పొయ్యి పొగ. ఫకీసి ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

“దగ్గుందట కదా అవ్వా?”

“ఉండేది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడీ ఇంట్లో దగ్గేవాళ్ళెవరూ లేరు నాయనా. చెవులున్నాయిగా, విను.”

అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు అని నిన్న సాయంత్రం అల్ఫోన్సినా చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళింది. వింటేగా!

ఫకీసి గుర్తింపు కార్డు అడిగాడు. గుమ్మం దగ్గరి వెలుతురులో పెట్టి ఫోటోని చూశాడు, ముసలామెను చూశాడు, మళ్ళీ ఫోటోని చూశాడు.

“ఇందులో బొద్దుగా ఉన్నావే?”

“ఆ ఫోటో తీసిన నాటికి ఈ పిల్ల తల్లి బతికుంది.”

ఫకీసి కార్డు తిరిగిచ్చేశాడు. “పిల్లకు మందు ఎప్పుడెప్పుడు?” అన్నాడు.

“పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. రేడియోలో వార్తలు మొదలవగానే. పరగడుపున ఇస్తే కక్కుతుంది, అందుకని ముందు గంజి. నువ్వు తిన్నావా? మొహం పీక్కుపోయింది.”

వద్దంటున్నా వినకుండా జొన్నపిండి ముద్ద, ఆకుకూర పెట్టిన పళ్ళెం అతని చేతికిచ్చింది. తింటూనే అతను బయటికి చూశాడు.

“పక్కింటివాళ్ళను కూడా ఓ మాట అడుగుదామంటే తాళం వేసుందే?”

“అదా? దాని నోటికి ఊరంతా జడుపు. ఎప్పుడో ఒక మేక గురించి పోట్లాడి, ఇరవయ్యేళ్ళు ఈ గడప తొక్కలేదు. బుద్ధిలేని మనిషి.” చివరి మాట దగ్గర ముసలామె గొంతు జీరపోయింది.

ఫకీసి చెయ్యి కడుక్కుని లేచాడు. “పిల్లతో ఒంటరిగా మాట్లాడాలి.”

పొయ్యి దగ్గర కూర్చున్న లినేవో వైపు అల్ఫోన్సినా చూసింది. ఆదివారం బడిలో ఆ పిల్లకు అబద్ధం ఆడకూడదని నేర్పింది తనే. గొడ్లపాక గోడ దగ్గర వాళ్ళిద్దరూ నిలబడ్డారు. గాలి ఇటే వీస్తోంది, ప్రతి మాటా వినబడుతోంది.

“దాచకుండా చెప్పమ్మా. నిరుడు మనవణ్ణి సాకే ఒక తాతయ్య తన జబ్బు ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక పన్నెండు రోజులు ఆ పిల్లవాడికి మందిచ్చే దిక్కు లేకపోయింది. నేను వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. వాడి మొహం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. మీ అవ్వకు ఒంట్లో బాగుందా?”

లినేవో కాలి బొటనవేలితో మట్టిని గీకింది.

“అవ్వకి ఇప్పుడు నొప్పి లేదు” అంది చివరికి.

“రాత్రి భయమేస్తే?”

“ఆవిడ దుప్పట్లో దూరతాను.”

“మాసేరు వస్తావా? అక్కడ బడి, డాక్టరు అన్నీ పక్కనే.”

పిల్ల రెండు చేతులతో గోడరాయిని పట్టుకుంది. “రాను. మందు మానను, ఒట్టు. ఇక్కడే వేసుకుంటాను.”

ఫకీసి లోపలికొచ్చాడు. కలం తీసి, కాగితం వంక చాలాసేపు చూశాడు. మొదటి గడిలో టిక్కు పెట్టాడు.

“ఇక్కడ వేలిముద్ర వెయ్యి అవ్వా.”

ముసలామె సిరా పూసిన బొటనవేలిని గాల్లోనే ఆపింది. “ఈ పిల్ల పెద్దదయ్యేదాకా పూచీ నాదే అని కదూ దీనర్థం?”

“అంతే.”

“అయితే గట్టిగా వేస్తానుండు.”

కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా వేసింది.

జీపు మలుపు తిరిగి కనుమరుగయ్యాక, అల్ఫోన్సినా గడప మీద కూలబడి సిలువ గుర్తు వేసుకుంది. పద్నాలుగేళ్ళ కొలువులో ఇవాళ్టిదాకా ఆమె సంస్థకు ఒక్క తప్పుడు మాట చెప్పి ఎరగదు. లినేవో పరుగున వచ్చి ముసలామె నడుము కరుచుకుని, అప్పుడు ఏడ్చింది. ముసలామె నడుముకు కట్టుకున్న పక్కింటి తాళంచెవి పిల్ల చెంపకు ఒత్తుకుంది.

మాతుమేలోను సమాధి చేసి ఆరు రోజులైంది.