చింపని కవర్లు

"అక్కా, నా పేరున ఇన్‌కంటాక్సు కవర్లేమైనా వచ్చాయా?"

గుంటూరు బస్సు దిగొచ్చిన దానయ్య వాకిట్లోనే అడిగాడు. 1980లో జాంబియాకు లెక్కల మాస్టరుగా వెళ్లినవాడు, భార్య రూతునీ పిల్లల్నీ అక్కడే ఉంచి, ఆరేళ్లకు నెల సెలవు మీద ఒక్కడే వచ్చాడు. ఆదివారం మళ్లీ విమానమెక్కాలి.

ఎండుమిరపకాయలు తిరగేస్తున్న ప్రేమమ్మ చేతులు కడుక్కుని, బైబిలు పెట్టె తెరిచి నాలుగు కవర్లు తెచ్చింది.

"ఒక్కటీ చింపలేదురా. భద్రంగా దాచా."

దానయ్య వాటిని ముట్టుకోలేదు.

"బ్రాడీపేటలో నా ఇంటికొచ్చే అద్దెకి పన్ను రిటర్ను ఎందుకు వెయ్యలేదని ఇన్‌కంటాక్సు ఆఫీసులో అడిగారక్కా. పన్ను బాకీ లేదని వాళ్లు కాగితమిస్తేనే విమానమెక్కనిస్తారు. ఒక్క నోటీసూ అందలేదని ఇందాక ఆఫీసరు ముందు దేవుడి మీద ఒట్టేశా."

"ఇప్పుడు కట్టేస్తే?"

"కేసు తేలడానికి ఏడాది పడుతుందంట. సోమవారం బళ్లో లేకపోతే అక్కడ ఉద్యోగం తీసేస్తారు. రూతునీ పిల్లల్నీ క్వార్టర్సు ఖాళీ చేయిస్తారు. ఈ కవర్లొచ్చాయని నాకో ముక్క రాయించకూడదా?"

"మొదటిది రాగానే పాస్టరుగారి చేత రాయించా." ప్రేమమ్మ కవర్ల అడుగునుంచి నీలం రంగు ఎయిర్‌మెయిల్ ఉత్తరం తీసింది. "నీ జవాబు నాకు నోటికొచ్చు. 'దేశంలో లేనోణ్ణి ఎవడేం చేస్తాడు? పెట్టెలో పడెయ్' అన్నావు."

దస్తూరి తనదే. దానయ్య ఉత్తరం అందుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ప్రేమమ్మ పక్కన కూర్చుంది. "విసుక్కుంటావని ఆ తర్వాత వచ్చినవి చెప్పలేదురా. తప్పు నాదే."

దానయ్య ఆ ఉత్తరం మడిచాడు.

"చెప్పినా ఇదే రాసేవాణ్ణక్కా."