ఒక్క మాత్ర

పరాయి రాష్ట్రంలో, మాంగో అనే పేట బజారులో మెడికల్ షాపు బలరామ్ విటమిన్ డి మాత్రల షీటు చేత్తో పట్టుకుని విసుక్కున్నాడు.

"వైరల్ జొరానికిది పని సేత్తాదో నేదో పెద్ద పెద్ద డాక్టర్లకే తెగనేదు మామ్మా. పోనీ, షీటంతా ఒకేపాలి అట్టుకెళ్లు. వారం వారం ఎందుకు నడిచొత్తావు?"

"ఒద్దు. ఒకటే కత్తిరించు," అంది జోగమ్మ.

"జొరం ఎప్పుడో తగ్గిపోనాది కదా. ఇంక రామాకు."

జోగమ్మ మాత్ర కొంగున ముడేసుకుని మెట్టు దిగింది. ఇంట్లో పంచదార డబ్బా నిండా మింగని మాత్రలే. ఆమె ఉండే సందులో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

ఆగి వెనక్కి తిరిగింది. రాని దగ్గు తెచ్చుకుని దగ్గింది.

"దగ్గు కూడానా! ఎన్నాళ్లనించి?" బలరామ్ కంగారుగా అడిగాడు.

"మా ముసిలాయన పోయిన కాడ్నించి."