రజిత చేతులు

యూనివర్సిటీ మెస్‌లో ఇరవై ఏళ్లుగా కూరగాయలు తరిగే లచ్చవ్వ పొద్దున్నే వచ్చేసరికి, ఆమె కత్తిపీట మీద కూతురు రజిత కూర్చుని పచ్చిమిరపకాయలు తరుగుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో పిల్ల లేదు.

ఆనర్స్ పిల్లలను విదేశీ చదువుకు పంపే పద్ధతి అదే. మనసు జర్మనీలో ఒక మరబొమ్మలో చేరి పాఠాలు వింటుంది. ఒళ్లు ఇక్కడ క్యాంపస్‌లో ఊడిగం చేస్తుంది. రజిత ఒంటికి లైబ్రరీలో పని అని చెప్పారు. దానికి అవకాశం అని పేరు పెట్టారు దొరలు. ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసి, వాడంతా మిఠాయి పంచింది లచ్చవ్వే.

"సారూ, నా పీట మీద నా బిడ్డను కూసోబెడితిరి. మరి నేనేడ కూసోవాలె?"

మెస్ మేనేజర్ నవ్వాడు. "ఇంట్ల కూసో. రేపటి నుంచి నీతోని పని లేదు. పొయ్యేముందు దానికి పని నేర్పిపో, మిరపకాయలు లావుగ కోస్తున్నది."

అంతలో ఫోన్ మోగింది. జర్మనీ నుంచి రజిత.

"అమ్మా, ఈడ మస్తు మంచు పడుతున్నదే! చేతులే ఎందుకో మండుతున్నయి. నా ఒళ్లు లైబ్రరీలనే ఉన్నది గదా?"

నిజం చెబితే పిల్ల చదువు వదిలేసి వచ్చేస్తుంది.

"లైబ్రరీలనే ఉన్నది బిడ్డా. చలికి మండుతుండొచ్చు. మంచిగ సదువుకో."

ఫోన్ పెట్టేసి నూనె సీసా తెచ్చింది. మిరపకాయలు ముట్టేముందు రోజూ తన చేతులకు రాసుకున్నట్టే కూతురి వేళ్లకు రాసింది. తర్వాత పక్కన కూర్చుని, సన్నగా తరగడం నేర్పింది.