నాలుక మౌసా

ఒడిశాలోని చంపాపొడ పోస్టాఫీసుకు కొత్త స్టాంపులు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, వెయ్యి.

బొమ్మలో ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకుని ఉంది. కింద 'కుష్ఠుకు మందుంది, భయం వద్దు' అని రాసి ఉంది.

ఊళ్లో వాళ్లు మొదటి మాట ఒక్కటే చదివి చేతులు వెనక్కి తీసుకున్నారు.

"దీన్ని నాలుకతో తడపాలా? నాకేమైనా పిచ్చా!" అన్నాడు మిఠాయి కొట్టు కుళమణి.

"నీళ్లతో తడుపు," అన్నాడు పోస్టుమాస్టరు దయానిధి.

"వేలికి అంటుకోదూ?"

"అది బొమ్మయ్యా బాబూ!"

"అయితే నువ్వు నాకి చూపించు."

దయానిధి గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. "ఇవాళ సోమవారం. నాకు ఉపవాసం."

మంగళవారం కూడా ఆయనకు ఉపవాసమే అయింది. గురువారానికి మనిషి నిజంగానే చిక్కిపోయాడు.

రజ పండగ దగ్గర పడుతోంది. ఆడపిల్లల్ని పుట్టింటికి పిలుస్తూ ఇంటింటా ఉత్తరాలు రాసే రోజులు. జనం నాలుగు మైళ్లు నడిచి పక్క ఊళ్లో పువ్వుల బొమ్మ స్టాంపులు కొనుక్కొస్తున్నారు.

ఇన్‌స్పెక్టరు వచ్చి చెప్పిపోయాడు. "పండగలోపు ఇవి కదలకపోతే నువ్వు కదులుతావు. కొండ మీది బ్రాంచి ఖాళీగా ఉంది."

ఆ బ్రాంచికి ఉత్తరాల కన్నా ఎలుగుబంట్లే ఎక్కువ వస్తాయని వాడుక.

దయానిధి భార్య తేల్చేసింది. "మీరు వెళ్లండి. నేనూ ఆవూ ఇక్కడే ఉంటాం."

మర్నాడు పోస్టాఫీసు అరుగు మీద ఒక కొత్త మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై దాటినవాడు. భుజాన తువ్వాలు, పక్కన చిన్న మూట.

గొడవంతా విని, "స్టాంపు మీరు కొనండి, నాలుక నేనిస్తాను," అన్నాడు.

"నీకేమైనా అయితే?" అన్నాడు కుళమణి.

"అయితే నాకేగా? ఈ ఊరివాణ్ణి కూడా కాను."

ఆ మాట అందరికీ న్యాయంగా తోచింది.

మొదటి స్టాంపు నాలుక మీద ఆనించి, చప్పరించి, కవరు మీద అద్దాడు. "జిగురు బాగా కుదిరింది. ఉప్పే కాస్త తక్కువ."

రెండో రోజుకు వరస వీధి మలుపు దాటింది. పిన్ని మొగుణ్ని పిలిచినట్టు అందరూ 'మౌసా' అన్నారు. సాయంత్రానికి 'నాలుక మౌసా' అయ్యాడు.

కుళమణి రోజూ పొద్దున్నే వచ్చి, "ఏదీ, నాలుక చూపించు," అనేవాడు.

"ఆ..."

"బానే ఉంది. ఇంకా రెండ్రోజులు చూద్దాం."

మౌసా ఎంగిలితో అంటించిన ఉత్తరం ఒక రోజు ముందే చేరుతుందని కూడా పుకారు పుట్టింది. బ్రహ్మపురం ఉత్తరానికి, రాయకముందే జవాబొచ్చిందని ఒకాయన ఒట్టేశాడు.

"మౌసా, ఇది మా అత్తగారికి. కాస్త పొడిగా నాకి అంటించు. దారిలో ఊడినా పర్లేదు," అన్నాడొకడు.

"అలాంటివాటికే ఎక్కువ తడి పెడతాను," అన్నాడు మౌసా.

తొమ్మిదో రోజున కుళమణి ఒక స్టాంపు తీసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. కళ్లు మూసుకుని నాలుక ఆనించాడు.

అరుగంతా ఊపిరి బిగబట్టింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. నా రసగుల్లా కన్నా చప్పగా ఉంది."

"అంత చప్పగానా!" అన్నాడు మౌసా.

జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత ఎవరి స్టాంపు వాళ్లే నాకి అంటించుకున్నారు. సాయంత్రానికి స్టాంపులన్నీ అయిపోయాయి. ఉపవాసాలు కట్టిపెట్టిన దయానిధి, ఆఖరిది తనే నాకి, రాయడానికి ఎవరూ తోచక భార్యకు ఉత్తరం రాశాడు. 'బదిలీ లేదు. ఆవుకు కూడా చెప్పు.'

మర్నాడు మౌసాకు కప్పుదామని సంబల్‌పురి తువ్వాలు తెచ్చాడు. అరుగు ఖాళీగా ఉంది. తొలి బస్సుకే వెళ్లిపోయాడట.

"ఏ ఊరికి?"

ఎవరికీ తెలియదు. పేరూ తెలియదు. తొమ్మిది రోజులు ఊరంతా ఆయన నాలుక చూసింది గానీ, ఏ ఊరని అడిగినవాడు లేడు. ఉండిపొమ్మన్నవాడూ లేడు.

నెల తర్వాత పోస్టుమాస్టరు పేర ఒక ఉత్తరం వచ్చింది. దయానిధి అరుగు మీద నిలబడి విప్పి, రెండు వరసలు లోలోపలే చదువుకుని, మళ్లీ మొదటికొచ్చాడు.

"ఏం రాశారు? పైకి చదవవయ్యా," అన్నాడు కుళమణి.

దయానిధి పైకి చదివాడు.

"'అయ్యా, మా కుష్ఠు ఆశ్రమంలో పదకొండేళ్లుండి, జబ్బు పూర్తిగా నయమై వెళ్లి, ఏ ఊళ్లోనూ ఉండనివ్వక తిరిగొచ్చిన ఆర్తత్రాణ నాయక్, మీ ఊరి జనం తన ఎంగిలి కోసం తొమ్మిది రోజులు వరసలో నిలబడ్డారని చెబుతున్నాడు, ఇక్కడివాళ్లెవరూ నమ్మక నవ్వుతున్నారు గనక, అది నిజమేనని ఒక్క ముక్క రాసి, పోస్టాఫీసు ముద్ర వేసి పంపగలరు.'"