మొదటి ముద్ద

“చీకటి చక్రవర్తి అట! ఇరవై ఏడేళ్లుంటాయి. ఉద్యోగం లేదు. బట్టలు ఇంకా వాళ్లమ్మే ఉతుకుతోంది.”

మిరాన్ మైకులో ఈ మాట అనగానే ఆన్‌లైన్ ఆటలో ఆమె దండులో ఉన్న పన్నెండు మందీ పగలబడి నవ్వారు. ఆ రోజే చేరిన చీకటి చక్రవర్తి మాత్రం నవ్వలేదు. “ఇరవై ఎనిమిది” అన్నాడు. ఆట ఆపేసి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మిరాన్‌కి తేజోన్ నగరం సంతలో పచ్చళ్ల కొట్టుంది. మధ్యాహ్నం బేరాలు తగ్గగానే కంప్యూటర్ ముందు కూర్చుని ఆటలోకి దిగుతుంది. రాక్షసుల్ని చంపడం కంటే ఆమెకు పేర్లు చదవడం ఇష్టం. ఎవరు ఏ పేరు పెట్టుకున్నారో తెలిస్తే చాలు, వాళ్ల బతుకంతా చెప్పేస్తుంది. అది తప్పడం ఎవరూ చూడలేదు. ఆ గర్వం ఆమెకు బోలెడుంది.

ఒకరోజు ‘ఇంటికి రా’ అనే పేరుతో ఒకతను దండులో చేరాడు.

“అక్కా, ఇతన్ని చదువు! చదువు!” అని అందరూ ఎగదోశారు.

మిరాన్ ఈసారి వెటకారం చెయ్యలేదు. “పెళ్లాం వెళ్లిపోయింది. పాపం, ఎదురుచూస్తున్నాడు. అవునా తమ్ముడూ?”

అవతల నుంచి ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు వినిపించింది.

అతని పేరు కీసోక్. భార్య వెళ్లిపోయి ఏడాదిన్నరైంది. ఫోన్ నంబరు మార్చేసింది. పుట్టింటివాళ్లు అతనికి తలుపు తియ్యరు. ఇద్దరికీ పరిచయమైంది ఈ ఆటలోనే కాబట్టి, ఎక్కడున్నా ఆట మాత్రం మానదని అతని నమ్మకం. కాకపోతే వేరే పేరుతో ఆడుతూ ఉంటుంది.

“ఆ పేరేంటో కనిపెట్టి పెట్టక్కా. ఒక్కసారి ఎదురుగా నిలబడితే చాలు. ఇంకేమీ అడగను.”

“ఇదివరకు ఏం పేర్లు పెట్టుకునేది?”

“మొదట ‘అడుగంటిన అన్నం’. తర్వాత ‘చేప తల’. ఆఖర్న ‘ముల్లంగి తోక’.”

“అన్నీ మిగిలిపోయినవే! ఇంట్లో అందరూ తిన్నాక తినేదన్నమాట.”

“అవునక్కా. ఎప్పుడూ అంతే.”

“ఎంత మంచి పిల్లయ్యా!” అంది మిరాన్. ఆమె కళ్లు చెమర్చాయి.

ఆ రోజు నుంచి దండంతా అదే పని. ‘చల్లారిన పులుసు’ అనే మనిషిని పట్టుకుంటే బస్సు డ్రైవరని తేలింది. ‘గిన్నె అడుగు’ ఇంటర్ చదివే కుర్రాడు. కీసోక్ గొంతు రోజురోజుకీ నీరసపడుతోంది.

నెల గడిచాక, క్యాబేజీకి కారం పట్టిస్తున్న మిరాన్‌కి ఉన్నట్టుండి తట్టింది. చేతులైనా కడుక్కోకుండా మైకు లాక్కుంది.

“ఒరేయ్, మనకు బుర్రలేదురా! పంతం పట్టి ఇల్లు వదిలిన ఆడది మళ్లీ మిగిలింది తింటుందా? ఇప్పుడు అందరికంటే ముందు తనే తింటుంది. ఆ మాటతో వెతకండి!”

‘మొదటి ముద్ద’ దొరికింది. గాయాలు మాన్పే వైద్యురాలి వేషం. ఒక్కతే ఆడుకుంటుంది, ఏ దండులోనూ చేరదు.

“వైద్యురాలా? ఒంటరిగానా?” కీసోక్ గట్టిగా అరిచాడు. “ఎప్పుడూ ఆ వేషమే వేసేదక్కా. తనే!”

దండంతా నోరెళ్లబెట్టింది. అతన్ని తొందరపడొద్దని చెప్పి, మిరాన్ తనే నెమ్మదిగా స్నేహం కలిపింది.

“నీ పేరు బాగుందే. పెద్దింటి ఆడపడుచువా?” అని రాసింది.

“కాదండీ. ఈమధ్యే తినడం మొదలుపెట్టాను” అని జవాబొచ్చింది.

మూడు వారాలకు ‘అండీ’ పోయి ‘అక్కా’ వచ్చింది. తన సొంతూరు తోంగ్యోంగ్ అనీ, చిన్నప్పుడు తిన్న ఆల్చిప్పల పచ్చడి కోసం నోరూరుతోందనీ చెప్పింది. కీసోక్ భార్యదీ తోంగ్యోంగే.

“మా కొట్లో నేనే పెడతానే పిల్లా. పంపిస్తాను, అడ్రసివ్వు.”

“వద్దక్కా. మీకెందుకు శ్రమ?”

తొమ్మిది రోజులు వద్దనే అంది. పదో రోజు ఇచ్చింది. “మీరు కాబట్టి ఇస్తున్నానక్కా” అని కూడా రాసింది. ఊరు మోక్పో.

మిరాన్ పచ్చడి డబ్బాకి మూత బిగించి, గుడ్డ చుట్టి పంపింది. అడ్రసు కీసోక్‌కి పెట్టింది.

“తమ్ముడూ, పూలు పట్టుకెళ్లు. గొడవలన్నీ తవ్వకు. చేతులు పట్టుకుని బతిమాలుకో.”

“అలాగే అక్కా. మీ మేలు చచ్చేదాకా మర్చిపోను.”

తర్వాత ఐదు రోజులు కీసోక్ ఆటలోకి రాలేదు. ‘మొదటి ముద్ద’ కూడా రాలేదు.

“కొత్త కాపురం కదా, మనమెక్కడ గుర్తుంటాం!” అని దండు ఏడిపించింది. మిరాన్ ఆ ఐదు రోజులూ కొట్టుకొచ్చిన ప్రతి మనిషికీ ఈ కథ చెప్పింది. ఒక్క పేరు పట్టుకుని విడిపోయిన కాపురాన్ని కలిపానని చెప్పినప్పుడల్లా ఆమె మొహం వెలిగిపోయేది.

ఆరో రోజు మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్లు కొట్లోకి వచ్చారు. వాళ్లలో పెద్దాయన మోక్పో పోలీసు కార్డు చూపించి, సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. మూత ఇంకా తియ్యలేదు.

“ఇది మీ కొట్టుదేనా?”

“మాదే. మోక్పోకి పంపాను. పిల్ల తినలేదా ఏంటి?” మిరాన్ చేతులు తుడుచుకుంటూ ఆత్రంగా ముందుకొచ్చింది. “ఎలా ఉంది? మొగుడొచ్చాడా? ఆ అడ్రసు పట్టిచ్చింది నేనే!”

పెద్దాయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఆ మొగుడి చేతిలో చావకూడదనేనమ్మా, ఆవిడ కోర్టుకెళ్లి సొంత పేరే మార్చుకుని మా ఊరొచ్చి దాక్కుంది.”