ఇద్దరు సాక్షులు కావాలి

దరఖాస్తులో ‘జైల్లో గడిపిన కాలం’ అన్న గడిలో ఆ పెద్దాయన చిన్న గీత గీశాడు.

లెక్కల టీచరు కళ్ళద్దాల పైనుంచి చూసింది.

“ఇది నింపలేదేం?”

“నేను జైలుకు వెళ్ళలేదమ్మా.”

పక్క బల్ల దగ్గర స్టాంపులు వేస్తున్న బస్సు కండక్టరు తలెత్తాడు.

నియంత దిగిపోయి ఏడు నెలలైంది. ఉద్యమంలో పనిచేసినవాళ్ళకు ధ్రువపత్రాలు ఇచ్చే పని ఉద్యమ సంఘం వీళ్ళిద్దరికీ అప్పగించింది. ఆమె నాలుగేళ్ళు దొరక్కుండా తిరిగిన మనిషి. అతను మూడేళ్ళు లోపలుండి వచ్చినవాడు.

“ఉద్యోగం?” అంది టీచరు.

“పోలీసు కేంద్ర కార్యాలయంలో టైపిస్టును. ఈమధ్యే రిటైరయ్యాను.”

కండక్టరు స్టాంపు పక్కన పెట్టేశాడు.

“గుమ్మం తప్పి వచ్చినట్టున్నావు పెద్దాయనా. నిన్నొక జైలరొచ్చాడు, నేనూ పోరాడానంటూ. ఎవరితో అంటే, ఖైదీలతోనట.”

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా కొద్దిగా నవ్వాడు.

“నేను చేసింది ఆఫీసు బీరువాల్లో ఉందమ్మా. తెరిచి చూస్తే తెలుస్తుంది.”

“వాటికి కోర్టు సీలు వేసింది. ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలీదు. ఈలోగా ఇద్దరు సాక్షులుంటే చాలు. మీ పని ఎరిగినవాళ్ళు.”

“ఎవరూ ఎరగరు. ఒక్కరికి తెలిసినా ఆ పని సాగేది కాదు.”

“పోనీ, ఆ టైపు మిషన్ని పిలిపిద్దామా సాక్ష్యానికి?” అన్నాడు కండక్టరు.

టీచరుకు విసుగొచ్చింది. బయట ఇంకా నలభైమంది ఉన్నారు.

“ఈ కాగితం మీకెందుకు? పింఛనుకా?”

“మా అమ్మాయికి చూపించాలి. అల్లుణ్ణి తీసుకుపోయిన రోజు వారంటు నకలు దాని చేతికిచ్చారు. అడుగున టైపు చేసినవాడి పొడి అక్షరాలుంటాయి కదమ్మా, అవి నావి. అల్లుడు తిరిగి రాలేదు. అప్పట్నుంచి అది నాకు తలుపు తీయదు.”

వరసలో నవ్వు ఆగిపోయింది.

“తీయకపోవడమే న్యాయం,” అన్నాడు కండక్టరు.



టీచరు దరఖాస్తు మీద ‘సాక్ష్యం లేదు’ అని రాసింది.

“బీరువాలు తీశాక రండి,” అంది, కాస్త మెత్తగానే.

“అలాగేనమ్మా. అందాకా ఉంటే.”

ఐదు నెలల తరువాత బీరువాలు తెరిచారు. వారంట్ల కట్టలు, సిబ్బంది ఫైళ్ళు సంఘం గదికి చేరాయి.

ఎవరైనా మొదట తమ కాగితమే వెతుక్కుంటారు. టీచరూ అంతే.

పేరు సరిగ్గానే ఉంది. వీధీ సరిగ్గానే ఉంది. ఇంటి నంబరు మాత్రం ఎనభై ఒకటికి బదులు పద్దెనిమిది.

పద్దెనిమిదో నంబరు వీధికి ఆ చివర. అక్కడ తలుపులు బాదుతున్న చప్పుడు వినే ఆమె ఆ రోజు పెరటి గోడ దూకింది.

కాగితం అడుగున ఆ పెద్దాయన పొడి అక్షరాలు.

ఇద్దరూ కట్టలన్నీ విప్పారు. అవే అక్షరాలతో, తప్పు నంబర్లతో ఇరవై ఆరు కాగితాలు తేలాయి.

“నా వారంటు వేరేవాడు టైపు కొట్టాడు. ఖర్మ,” అన్నాడు కండక్టరు. ఆ వెంటనే లేచాడు. “నేనే వెళ్ళి తీసుకొస్తానక్కా ఆయన్ని.”

సాయంత్రానికి ఒక్కడే తిరిగొచ్చాడు.

“పోయి ఇరవై రోజులైందట. కూతురు వచ్చిందిగానీ వీధిలోనే నిలబడిపోయిందట, లోపలికి రాలేదట.”

టీచరు కొత్త ధ్రువపత్రం తీసి ఆయన పేరు రాసింది.

“పద. ఆ అమ్మాయికిచ్చి వద్దాం.”

“ఆగక్కా. అల్లుడి వారంటు కూడా ఇందులోనే ఉంది. నంబరు చూడు.”

నంబరు సరిగ్గా ఉంది. ఒక్క అంకె తేడా లేదు.

“పరాయివాళ్ళని తప్పించినవాడు సొంత అల్లుణ్ణెలా పట్టించాడు? ఆ పిల్ల అడిగితే ఏం చెబుతాం?”

టీచరు సిబ్బంది ఫైళ్ళలో ఆయనది వెతికి తీసింది. చివర్లో ఒక రహస్య మెమో ఉంది.

‘చిరునామాలలో పలుమార్లు తప్పులు దొర్లినందున ఇతనిపై అనుమానము కలిగినది. పరీక్షించు నిమిత్తం ఇతని అల్లుని వారంటును ఇతనిచేతనే టైపు చేయించడమైనది. తప్పు లేకుండా చేసినాడు. కావున దురుద్దేశము లేదని తేలినది. చూపు మందగించినట్లున్నది, కళ్ళజోడు మార్చుకొనుమని చెప్పడమైనది. అదే సీటులో కొనసాగించవచ్చును.’

కండక్టరు రెండుసార్లు చదివాడు.

“అంటే, సీటు కోసం చేశాడా?”

టీచరు ఇరవై ఆరు కాగితాలనూ బల్ల మీద తేదీల వరసన పేర్చింది.

మెమోకు ముందువి తొమ్మిది, తరువాతవి పదిహేడు. ఆ పదిహేడింటిలో మొదటిది, మెమో మర్నాటి తేదీ ఉన్నది, టీచరుదే.